నటన మీద నేటి పరిశోధన: తరచుగా అడిగే ప్రశ్నలు

నాటకాలు వేసేవాళ్లు, నటనలో శిక్షణ తీసుకుంటున్నవాళ్లు, ఈ రంగంలో పరిశోధన చేద్దామనుకుంటున్న విద్యార్థులు పదేపదే అడిగే ప్రశ్నలివి. జవాబుల్లో నా అభిప్రాయాలూ ఉన్నాయి, దాచుకోలేదు. ఈ చర్చలు చదువుతున్నకొద్దీ నాకు బలపడిన నమ్మకం ఒకటే: ఇవాళ మనం ‘పద్ధతి’ అని పేరుపెట్టి నేర్చుకుంటున్న వాటిలో చాలా భాగం ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్లే దారిలో కొంత అర్థమై, కొంత అపార్థమై రూపుదిద్దుకున్నవే. ఆ దారి తెలిసిన నటుడు తన గురువు చెప్పేదాన్ని ఇంకా బాగా వాడుకోగలడు.

థియేటర్ స్టడీస్, పెర్ఫార్మెన్స్ స్టడీస్ రెండూ ఒకటేనా?

కావు. మొదటిది నాటకాన్ని చదువుతుంది: రచన, రంగస్థల చరిత్ర, దర్శకత్వం, నటన, రంగాలంకరణ. రెండోదాని పరిధి ఇంకా పెద్దది. క్రతువు, ఊరేగింపు, కోర్టు విచారణ, ఆటల పోటీ, వీధిలో నిరసన, ఇవన్నీ అందులోకి వస్తాయి. అమెరికన్ దర్శకుడు రిచర్డ్ షెక్నర్, మానవశాస్త్రవేత్త విక్టర్ టర్నర్ కలిసి సాగించిన ఆలోచనల్లోంచి ఇది పెరిగింది. న్యూయార్క్ యూనివర్సిటీలో 1980లో ఈ పేరుతోనే విభాగం ఏర్పడింది.

షెక్నర్‌కి ఈ చూపు రావడంలో రామ్‌నగర్ రామ్‌లీలా పాత్ర పెద్దది. కాశీకి ఎదురుగా గంగ అవతలి ఒడ్డున దాదాపు నెల రోజులు సాగే ప్రదర్శన అది. అయోధ్య ఒకచోట ఉంటుంది, లంక ఇంకోచోట ఉంటుంది, కథ ఎటు వెళ్తే జనం అటు నడుస్తారు. అక్కడ చూసేవాడు భక్తుడూ అవుతాడు, అయోధ్య పౌరుడూ అవుతాడు. టికెట్ కొని చీకట్లో కుర్చీలో కూర్చునే ప్రేక్షకుణ్ణి మనసులో పెట్టుకుని కట్టిన సిద్ధాంతాలు ఇలాంటి వాటికి సరిపోవు.

పాత్ర ఏడుస్తుంటే నటుడు కూడా లోపల ఏడవాలా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. ఫ్రెంచి తాత్వికుడు దిదెరో 1770ల్లో దీనిమీద ఒక సంభాషణ రాశాడు. అది ఆయన పోయాక, 1830లో గానీ అచ్చుకాలేదు. గొప్ప నటుడు లోపల చల్లగా ఉంటాడు, చూసేవాళ్లను ఏడిపించేవాడు తాను ఏడవడు అన్నది ఆయన వాదం. లోపల లేనిది బయటికి ఎలా వస్తుందని ఎదురు వాదించేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

నెదర్లాండ్స్ పరిశోధకురాలు ఎలీ కోనైన్ ఈ తగవును సిద్ధాంతాలకు వదిలేయకుండా నేరుగా నటులనే అడిగింది. డచ్, ఫ్లెమిష్, అమెరికన్ వృత్తినటులకు ప్రశ్నావళులు ఇచ్చి, వేదిక మీద ఉన్నప్పుడు వాళ్లకు ఏ భావాలు కలిగాయో, అదే సమయంలో పాత్రకు ఏ భావాలు ఉన్నాయో విడివిడిగా రాయించింది. రెండూ పెద్దగా కలవలేదు. పాత్ర దుఃఖంలో ఉన్నప్పుడు నటుడిలో ఎక్కువగా ఉన్నవి ఏకాగ్రత, ఉత్సాహం, సవాలును ఎదుర్కొంటున్న ఉద్వేగం, అంటే పని చేస్తున్న మనిషికి ఆ పని వల్ల కలిగే భావాలు. ఆ శక్తి అంతా పాత్ర భావంగా ప్రేక్షకుడికి అందుతోందని ఆమె వివరణ. నటులు ఏ శిక్షణ నుంచి వచ్చారన్నది ఇందులో పెద్ద తేడా తేలేదన్నది నాకు బాగా ఆసక్తి కలిగించిన విషయం. మెథడ్ (నటుడి సొంత అనుభవాల మీద ఆధారపడే అమెరికన్ నట పద్ధతి) అనుకునేవాళ్లూ, కాదనుకునేవాళ్లూ వేదిక మీద దాదాపు ఒకే స్థితిలో ఉన్నారు.

వెయ్యేళ్ల కిందట కాశ్మీరంలో నాట్యశాస్త్ర వ్యాఖ్యాత అభినవగుప్తుడు ఇదే ప్రశ్నను ఇంకోవైపు నుంచి పట్టుకున్నాడు. రసం ప్రేక్షకుడిలో పుడుతుంది, నటుడు దాన్ని మోసుకొచ్చేవాడు మాత్రమే అన్నాడు. మధువు రుచి తాగేవాడికి తెలుస్తుంది గానీ గిన్నెకు తెలియదన్నది ఆయన పోలిక. అయితే నాట్యశాస్త్రమే సాత్త్వికాభినయం (మనసులోంచి ఒంటిమీదికి వచ్చే స్పందనల అభినయం) గురించి చెప్పేటప్పుడు, మనసు పూర్తిగా నిలిస్తే తప్ప కన్నీరు, గగుర్పాటు, వణుకు రావంటుంది. ఒకే సంప్రదాయంలో రెండు మాటలూ ఉన్నాయి. నా మటుకు నాకు ‘అనుభవించాలా, వద్దా’ అన్న ప్రశ్న ఇరుకైనది. ‘నటుడు దేనిమీద ధ్యాస పెట్టాలి’ అని అడిగితే ఈ సంప్రదాయాలన్నీ ఉపయోగపడే జవాబులు ఇస్తాయి.

మెథడ్ యాక్టింగ్ అంటే స్టానిస్లావ్‌స్కీ పద్ధతేనా?

ఒకే వేరు నుంచి వచ్చిన రెండు వేరువేరు విషయాలవి.

రష్యన్ నటుడు, దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ (1863–1938) నెమిరోవిచ్ దాంచెంకోతో కలిసి 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్ పెట్టాడు. ఆ బృందం 1923–24లో అమెరికాలో పర్యటించింది. ఆయన దగ్గర పనిచేసిన బొలెస్లావ్‌స్కీ, ఊస్పెన్‌స్కయా న్యూయార్క్‌లో బడి పెట్టి, తాము మాస్కోలో నేర్చుకున్నది నేర్పారు. అది తొలి దశ పాఠం. అందులో నటుడు తన గతంలోని అనుభవాన్ని తవ్వి తెచ్చుకునే అభ్యాసానికి పెద్ద పీట ఉండేది. లీ స్ట్రాస్‌బెర్గ్ దాన్నే పట్టుకుని 1931లో న్యూయార్క్‌లో మొదలైన గ్రూప్ థియేటర్ అనే నాటక బృందంలో పెంచాడు. ‘మెథడ్’ అంటే ఈ దారే. ఇటు స్టానిస్లావ్‌స్కీ మాత్రం ముందుకు వెళ్లిపోయాడు. గ్రూప్ థియేటర్ నటి స్టెల్లా ఆడ్లర్ 1934లో పారిస్‌లో ఆయన్ను కలిసి, కొన్ని వారాలు పనిచేసి తిరిగొచ్చి, ఆయన ఇప్పుడు నొక్కి చెప్పేది సొంత జ్ఞాపకాన్ని కాదు, నాటకం ఇచ్చిన పరిస్థితులనూ, చేతలనూ అని బృందానికి చెప్పింది. స్ట్రాస్‌బెర్గ్ ఒప్పుకోలేదు. ఆ చీలిక ఇప్పటికీ అమెరికన్ యాక్టింగ్ స్కూళ్లలో కనిపిస్తుంది. 1947లో మొదలైన యాక్టర్స్ స్టూడియో అనే నటుల సాధన కేంద్రాన్ని ఎలియా కజాన్, చెరిల్ క్రాఫర్డ్, రాబర్ట్ లూయిస్ పెట్టారు. స్ట్రాస్‌బెర్గ్ తర్వాత వచ్చి దాని ముఖం అయ్యాడు.

అపార్థానికి అచ్చు పుస్తకాలూ కారణమే. నటుడి సాధన గురించి స్టానిస్లావ్‌స్కీ ఒకే పెద్ద రచనగా అనుకున్నదాంట్లో మొదటి సగం, అంటే లోపలి పని గురించిన భాగం, ఇంగ్లీషులో 1936లో కుదించిన రూపంలో వచ్చింది. గొంతు, నడక, లయ, దేహం గురించిన రెండో భాగం 1949లో వచ్చింది. మధ్యలో పదమూడేళ్లు. ఆ పదమూడేళ్లలో ఒక తరం నటులు ‘స్టానిస్లావ్‌స్కీ అంటే లోపలి భావం’ అని స్థిరపడిపోయారు. మన దగ్గర కూడా ఎక్కువమందికి చేరింది ఆ ఇంగ్లీషు పుస్తకమే.

షారన్ కార్నికీ వంటి పరిశోధకులు రష్యన్ మూలాలు, సోవియట్ సెన్సారు కోతలు పక్కపక్కన పెట్టి చదివాక బొమ్మ మారింది. స్టానిస్లావ్‌స్కీ చివరి ఏళ్లలో చేసిన పనిని ఆయన శిష్యురాలు మరియా క్నేబెల్ కాపాడి, రష్యాలో నేర్పింది. ఆ పనిలో నటులు ముందు డైలాగులు కంఠతా పట్టరు. సన్నివేశం చదువుతారు, ఎవరు ఎవరి నుంచి ఏం కోరుతున్నారో తేల్చుకుంటారు, లేచి సొంత మాటల్లో ఆడతారు, మళ్లీ పుస్తకం దగ్గరికి వస్తారు, ఏది తప్పిందో చూసుకుంటారు, మళ్లీ ఆడతారు. ఇలా నాలుగైదు సార్లు తిరిగేసరికి రచయిత మాటలు అవసరంగా మారతాయి. నటీనటులు ఎవరైనా నన్ను ఒక్క అభ్యాసం చెప్పమంటే ఇదే చెబుతాను.

స్టానిస్లావ్‌స్కీ యోగా నేర్చుకున్నాడంటారు, నిజమేనా?

నిజమే, కానీ ఆ కథ మనం అనుకునేంత నేరుగా లేదు. 1912లో మొదలైన ఆయన ఫస్ట్ స్టూడియోలో శ్వాస, కండరాల సడలింపు, ఏకాగ్రత, ప్రాణశక్తిని ప్రసరింపజేయడం వంటి అభ్యాసాలు ఉండేవి. వాటికి ఆధారంగా ఆయన చదివినవి ‘యోగి రామచారక’ పేరుతో రష్యన్‌లోకి వచ్చిన పుస్తకాలు. ఆ రామచారక అసలు పేరు విలియం వాకర్ అట్కిన్సన్. ఆయన అమెరికన్. అంటే భారతీయ యోగం ఒక అమెరికన్ రాసిన రూపంలో మాస్కో చేరి, అక్కడ నట శిక్షణలో కలిసి, తిరిగి అమెరికా వెళ్లింది. సోవియట్ కాలంలో భౌతికవాదానికి సరిపడదని యోగా ప్రస్తావనలను ఆయన రచనల్లోంచి తగ్గించేశారు, కొన్నిచోట్ల తీసేశారు. అందుకే చాలాకాలం ఎవరికీ తెలియలేదు. ఇందులో మనం గర్వపడాల్సింది ఉందా అని అడిగితే, గర్వం కంటే జాగ్రత్త అవసరమంటాను. ‘అంతా మన దగ్గర్నుంచే పోయింది’ అనే మాట ఈ మెలికలన్నిటినీ చెరిపేస్తుంది.

చైనా నటుణ్ణి చూసి బ్రెక్ట్ తన సిద్ధాంతం చేశాడంటారు. అందులో నిజమెంత?

1935లో పెకింగ్ ఒపెరా నటుడు మే లాన్‌ఫాంగ్ (1894–1961) మాస్కో వచ్చాడు. స్త్రీపాత్రలకు ఆయన పేరు మోగిపోయిన కాలమది. చూసినవాళ్లలో నాటక దర్శకుడు మేయర్‌హోల్డ్, సినిమా దర్శకుడు ఐజెన్‌స్టీన్, రచయిత ట్రెట్యకోవ్ ఉన్నారు, ప్రవాసంలో ఉన్న జర్మన్ నాటకకర్త బ్రెక్ట్ కూడా ఉన్నాడు. ఒక సన్నివేశంలో జాలరి కూతురు పడవ నడుపుతుంది. వేదిక మీద పడవ లేదు, నీళ్లు లేవు. నిటారుగా నిలబడి, మోకాళ్ల దాకా కూడా రాని చిన్న తెడ్డు ఒకటి పట్టుకుని కదిలిస్తుంది. ప్రవాహం వేగం పెరిగితే ఒళ్లు నిలదొక్కుకోవడం కష్టమవుతుంది, పాయ మలుపు తిరిగితే తెడ్డు నెమ్మదిస్తుంది. బ్రెక్ట్ దీన్ని ఎంతో శ్రద్ధగా వర్ణించాడు. మామూలు గదిలో, డిన్నర్ సూట్‌లో, మేకప్ గానీ లైట్లు గానీ లేకుండా మే లాన్‌ఫాంగ్ స్త్రీ కదలికలు చేసి చూపించిన సందర్భాన్నీ రాశాడు. అక్కడ ఇద్దరు కనిపించారన్నాడు: చూపిస్తున్నవాడు ఒకడు, చూపించబడుతున్న స్త్రీ ఒకతి. నటుడు పాత్రలో కరిగిపోకుండా పక్కన నిలబడి చూపిస్తాడన్న తన దూరీకరణ సిద్ధాంతానికి అది ఆయనకు సాక్ష్యమైంది.

ఆ ఆలోచన ఆయనలో అంతకుముందే ఉంది. మే లాన్‌ఫాంగ్ దాన్ని పుట్టించలేదు, దానికి రూపం దొరకడానికి తోడ్పడ్డాడు. మిన్ తియాన్ వంటి పరిశోధకులు చైనీస్ మూలాలతో పోల్చి గట్టిగా అడిగే ప్రశ్న ఇది: చైనా ప్రేక్షకుడికి ఆ తెడ్డు వింతగా అనిపిస్తుందా? అనిపించదు. చిన్నప్పటి నుంచీ చూసిన సంకేతం అది, దాన్ని దాటుకుని నేరుగా పిల్ల మనసులోకి వెళ్లిపోతాడు. మే లాన్‌ఫాంగ్ కూడా పాత్రలో లీనమవడం గురించే మాట్లాడాడు. బ్రెక్ట్‌కు దూరంగా కనిపించినది ఆ కళకు బయటివాడు కావడం వల్ల కనిపించిన దూరం.

అంతకు నాలుగేళ్ల ముందు, 1931లో, పారిస్‌లో వలసరాజ్యాల ప్రదర్శనలో బాలీ నర్తకులను చూసిన ఫ్రెంచి నాటక సిద్ధాంతకర్త ఆంతొనిన్ ఆర్తో కథా ఇలాంటిదే. మాటల పెత్తనం లేని, తాంత్రికమైన, శుద్ధమైన రంగస్థలం దొరికిందని పరవశించాడు. బాలీ వాళ్లకు అది ప్రతి వేలికీ అర్థమున్న, పకడ్బందీగా నేర్చుకున్న కళ. ఈ ఇద్దరి పొరపాట్ల నుంచి ఇరవయ్యో శతాబ్దపు యూరప్ నాటకం ఎంతో లాభపడింది. నేను దాన్ని కాదనను. కానీ బ్రెక్ట్ వ్యాసం చదివి పెకింగ్ ఒపెరా అర్థమైందనుకోవడం మాత్రం తప్పు.

నాట్యశాస్త్రం ఇవాళ్టి నటుడికి పనికొస్తుందా? అది పండితుల సొత్తు కదా?

పనికొస్తుంది. కానీ అలా తెరిచి వంటల పుస్తకంలా వాడలేం. దాని కాలం మీదే ఏకాభిప్రాయం లేదు. క్రీస్తుకు ముందు రెండు వందల ఏళ్లు, తర్వాత రెండు వందల ఏళ్లు, ఆ మధ్యలో ఎక్కడో పెడతారు. ఇవాళ మన చేతికి అందిన పాఠం వెనక ఒక తెలుగు పండితుడి చాకిరీ ఉంది. మానవల్లి రామకృష్ణ కవి తాళపత్రాలు వెతికి, పాఠాలు పోల్చి, అభినవగుప్తుడి వ్యాఖ్యతో సహా మొదటి సంపుటాన్ని 1926లో బరోడా నుంచి గైక్వాడ్ ప్రాచ్య గ్రంథమాలలో తెచ్చారు. ప్రతులు ఎంత చెడిపోయి ఉన్నాయో ఊహించుకోండి: భావాధ్యాయం మీద వ్యాఖ్యలో ఎక్కువ భాగం దొరకనే లేదు. నటుడికి అందరికంటే కావలసిన అధ్యాయం అదే. ప్రపంచంలో ఎక్కడ రసం మీద సెమినార్ జరిగినా కింద ఈ పని ఉంటుంది. ఆయన పేరు తలచుకునేవాళ్లు తక్కువ, అది నన్ను బాధిస్తుంది.

ఇక వాడుక విషయం. భావాలు నలభై తొమ్మిది: స్థాయి (నిలిచి ఉండేవి) ఎనిమిది, సంచారి (వచ్చిపోయేవి) ముప్పై మూడు, సాత్త్వికం (కన్నీరు, వణుకు వంటివి) ఎనిమిది. ఈ లెక్కను బట్టీ పట్టినవాళ్లకు దొరకనిది సంచారుల్లో ఉంది. ఒక స్థాయిభావం నిలబడాలంటే దానిమీద చిన్నచిన్న భావాలు వచ్చిపోతూ ఉండాలి: శంక, సిగ్గు, అసూయ, అలసట, ఆశ. ఎడబాటులో ఉన్న స్త్రీ పాత్ర చేసే నటి పది నిమిషాలు ఒకే దుఃఖం పట్టుకుని కూర్చుంటే ఎవరూ చూడలేరు. తలుపు చప్పుడైతే ఆశ, ఎవరూ కాదని తెలిసి సిగ్గు, సిగ్గు మీద కోపం, కోపం తర్వాత నీరసం. ఇలా నడిపితేనే ఎడబాటు కనిపిస్తుంది. రియలిస్టు నాటకంలో, కెమెరా ముందు కూడా ఇది పనిచేస్తుంది.

షెక్నర్ 2001లో రసం మీద రాసిన వ్యాసం, ఆయన తయారుచేసిన ‘రసబాక్సులు’ అనే అభ్యాసం చాలా దేశాల్లో వాడుకలో ఉన్నాయి. నేల మీద తొమ్మిది గళ్లు గీసి, ఒక్కో గడికి ఒక్కో రసం ఇచ్చి, గడి మారగానే ఒళ్లు మార్చాలి. నటులకు మంచి కసరత్తు. సంస్కృత అలంకార శాస్త్రం చదివినవాళ్లు దీంట్లో రసమూ భావమూ కలిసిపోయాయని అభ్యంతరం చెబుతారు, ఆ అభ్యంతరం సరైనదే.

కూడియాట్టంలో ఒక్క శ్లోకానికి అంతసేపు ఎందుకు?

కేరళలో బతికి ఉన్న ఈ సంస్కృత నాటక సంప్రదాయంలో ఒక్క అంకం రాత్రుల తరబడి నడుస్తుంది. రావణుడి పాత్రధారి కైలాసాన్ని చూసే ఘట్టం తీసుకోండి. ఎదురుగా నూనె దీపం, వెనక మిళావు డప్పులు. కొండను ‘ఎత్తుగా ఉంది’ అని ఒక చేతిముద్రతో చెప్పి వదిలేయరు. కళ్లు కొండ మొదట్లో మొదలవుతాయి, చరియ వెంట పైకి పాకుతాయి, శిఖరం దగ్గర ఆగుతాయి, అటూ ఇటూ వెడల్పు కొలుస్తాయి. ఆ చూపు వెంట వెళ్లిన ప్రేక్షకుడికి ఖాళీ వేదిక మీద కొండ ఉంటుంది. కాసేపటికి అదే నటుడు శివుడవుతాడు, పార్వతి అవుతాడు. అంగవస్త్రం కొంగు నడుములో దోపితే స్త్రీ, తీస్తే మళ్లీ పురుషుడు. దుస్తులు మార్చడు, పక్కకు వెళ్లడు.

గుడి ప్రాంగణంలోనే ఆడాలన్న కట్టుబాటును దాటి పైంకుళం రామ చాక్యార్ 1949లో దీన్ని బయటికి తెచ్చారు. 1965లో కేరళ కళామండలంలో బోధన మొదలైంది. 2001లో యునెస్కో గుర్తింపు వచ్చింది. తెలుగు సాహిత్యం మీద పనిచేసినవారిగా మనకు బాగా తెలిసిన డేవిడ్ షుల్మన్ తన విద్యార్థులతో కేరళలో కూర్చుని పూర్తి నిడివి ప్రదర్శనలు రోజుల తరబడి చూశారు. రెండు గంటల పండగ ప్రదర్శన చూసి రాసిన దానికీ, అలా కూర్చుని రాసిన దానికీ తేడా తెలిసిపోతుంది. ఈ రంగంలో నాకు బాగా నచ్చిన మార్పు ఇదే. ప్రదర్శనకు తన నిడివి తనకు ఇచ్చి, ఆ తర్వాతే మాట్లాడటం.

జపాన్ సంప్రదాయ నాటకమైన నోహ్ నటుల రహస్య గ్రంథాలంటే ఏమిటి?

నోహ్ నటుడు, రచయిత జెయామి (సుమారు 1363–1443) తన వంశంలో వారసులకు మాత్రమే రాసుకున్న సాధన గ్రంథాలు. అయిదు వందల ఏళ్లు బయటి లోకానికి దాదాపు తెలియవు. యోషిదా తోగో 1909లో అచ్చు వేశాక అందరికీ అందాయి. మనసును పది పాళ్లు కదిలించు, ఒంటిని ఏడు పాళ్లే కదిలించు అంటాడు. నటుడు తనను ప్రేక్షకుల వైపు నుంచి, తన వీపుతో సహా చూసుకోవాలంటాడు. ఏ వయసులో ఏం నేర్పాలో, ఏడేళ్ల పిల్లవాణ్ణి ఎందుకు తిట్టకూడదో కూడా రాశాడు. నట శిక్షణ గురించి ఇంత ఆచరణాత్మకంగా ఆ కాలంలో రాసిన మరో గ్రంథం నేను చూడలేదు.

కథకళి, కలరి (కేరళ యుద్ధవిద్య), యోగా నేర్చుకుని పాశ్చాత్యులు తమ పద్ధతులు తయారుచేశారు. అది ఇచ్చిపుచ్చుకోవడమా, దోచుకోవడమా?

మనిషిని బట్టి, పని చేసిన తీరును బట్టి చెప్పాలి.

ఇటలీలో పుట్టిన దర్శకుడు యుజేనియో బార్బా 1963లో కేరళ వెళ్లి కళామండలంలో కథకళి శిక్షణ చూశాడు. తెల్లవారుజామున లేచి పిల్లలు చేసే కంటి సాధన, కాలి సాధన గురించి రాసి, ఆ అభ్యాసాల్లో కొన్నిటిని పోలండ్‌లో దర్శకుడు గ్రోటోవ్‌స్కీ దగ్గరికి తీసుకెళ్లాడు. 1964లో తన ఓడిన్ బృందాన్ని పెట్టుకుని, 1979లో రంగస్థల మానవశాస్త్రానికి అంతర్జాతీయ పాఠశాల మొదలుపెట్టాడు. ఒడిస్సీ నర్తకి సంజుక్తా పాణిగ్రాహి ఆ పాఠశాలలో మొదటినుంచీ భాగస్వామి. వేర్వేరు సంప్రదాయాల ప్రదర్శకులు నిలబడే తీరులో, బరువు మోసే తీరులో, దైనందిన దేహానికి భిన్నమైన పొంతన ఒకటి ఉందని, అది భావం పుట్టకముందే ప్రేక్షకుణ్ణి పట్టేస్తుందని బార్బా వాదం. పక్కపక్కన నిలబెట్టి చూపిస్తే నమ్మక తప్పదు. అయితే ఆ దేహం ఏ కులం, ఏ గురుకులం, ఏ గుడి, ఏ జీతం మధ్య తయారైందన్న ప్రశ్న ఈ పోలికలో జారిపోతుంది.

ఆ ప్రశ్నను గొంతెత్తి అడిగినవాడు భారతీయ విమర్శకుడు రుస్తం భరూచా. బ్రిటిష్ దర్శకుడు పీటర్ బ్రూక్ మహాభారతం 1985లో ఫ్రాన్స్‌లో అవిన్యాన్ దగ్గర ఒక రాతి క్వారీలో తొమ్మిది గంటలు ఆడింది. అనేక దేశాల నటులు, ద్రౌపదిగా మల్లికా సారాభాయ్. ప్రపంచం మెచ్చుకున్న ఆ ప్రదర్శన మహాభారతాన్ని దాని తాత్విక, సామాజిక నేల నుంచి పెరికి ‘మానవజాతి కథ’గా మార్చిందనీ, భారతదేశంలో పనిచేసిన తీరులోనూ సమానత్వం లేదనీ భరూచా విమర్శ. తర్వాత పరిశోధకురాలు డాఫ్నీ లెయ్ ఇంకా సూటిగా చెప్పింది: డబ్బూ ఆలోచనా ధనిక దేశాలవి, ముడిసరుకూ శ్రమా పేద దేశాలవి అయితే దాన్ని సాంస్కృతిక వినిమయం అనకూడదని. బెర్లిన్‌లో ఎరికా ఫిషర్-లిష్టె 2008లో మొదలుపెట్టిన పరిశోధన కేంద్రం ‘మనది, వాళ్లది’ అనే గీతనే ప్రశ్నించి, అల్లికగా చూద్దామంది. అల్లిక మాట బాగుంది, కానీ నేత ఎవరిదో, కూలి ఎవరికో అడగడం మానకూడదు.

నాకు గౌరవం కలిగించిన ఉదాహరణ అమెరికన్ దర్శకుడు, నటుడు ఫిలిప్ జరిల్లీ (1947–2020). 1976 నుంచి తిరువనంతపురంలో గోవిందన్‌కుట్టి నాయర్ గురుక్కళ్ దగ్గర కలరిపయట్టు నేర్చుకున్నాడు, ఏళ్ల తరబడి తిరిగి తిరిగి వెళ్లాడు. ఒళ్లంతా కళ్లు కావాలన్న కలరి ఆదర్శాన్ని తెచ్చి, ఐరిష్ నాటకకర్త బెకెట్ నాటకాల్లో దాదాపు కదలని పాత్రలకు వాడాడు. ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నాడో ప్రతిచోటా రాశాడు.

మెదడు పరిశోధనలు నటన గురించి ఏం తేల్చాయి?

పత్రికలు రాసినంత తేల్చలేదు. 1990ల్లో ఇటలీలోని పార్మాలో కోతుల మీద జరిగిన పరిశోధనలో మిర్రర్ న్యూరాన్లు (ఒక పని తాను చేసినా, ఇంకొకరు చేస్తుంటే చూసినా స్పందించే మెదడు కణాలు) కనిపెట్టగానే, ‘ప్రేక్షకుడు నటుడితో ఎందుకు ఏడుస్తాడో తెలిసిపోయింది’ అని నాటకం వాళ్లు పుస్తకాలు రాసేశారు. ఇప్పుడా ఉత్సాహం తగ్గింది, తగ్గడమే మంచిది.

నిలబడే పనులు చిన్నవి. హెల్గా, టోనీ నోయిస్ దంపతులు నటులు డైలాగులు ఎలా గుర్తుపెట్టుకుంటారో ఏళ్లపాటు పరిశోధించారు. నటులు మాటలను బట్టీ పట్టరు. ఈ పాత్ర ఈ మాట ఎందుకు అంటోంది, ఎవరిని ఏం చేయడానికి అంటోంది అని వెతుకుతారు, మాట దానంతట అది నిలుస్తుంది. కదులుతూ పలికిన మాట, కదలకుండా పలికిన మాట కంటే బాగా గుర్తుంటుంది. 2019లో కెనడాలో స్టీవెన్ బ్రౌన్ బృందం నటులను స్కానర్‌లో పడుకోబెట్టి రోమియోగా, జూలియట్‌గా జవాబులు చెప్పించింది. పాత్రలో ఉన్నప్పుడు మెదడు ముందు భాగంలో కొన్నిచోట్ల చురుకుదనం తగ్గింది. 2022లో లండన్ పరిశోధకులు రిహార్సల్‌లో ఉన్న నటులకు తలమీద సెన్సర్లు పెట్టి, మధ్యలో వాళ్ల సొంత పేరు పిలిచారు. మామూలప్పుడు పేరు వినగానే వచ్చే స్పందన నటిస్తున్నప్పుడు అణిగిపోయింది. కొద్దిమంది మీద జరిగిన పరిశోధనలు ఇవి, కానీ పేరు పిలిస్తే తల తిప్పకపోవడం ప్రతి నటుడికీ అనుభవమే కదా.

చిలీ శాస్త్రవేత్త సుసానా బ్లోక్ 1970ల నుంచి చేసిన పని కూడా చూడండి. శ్వాస, భంగిమ, ముఖం మూడిటినీ ఒక నిర్దిష్ట తీరులో పెడితే భావం వస్తుందని ఆరు మూలభావాలకు నమూనాలు ఇచ్చింది. భావంలోంచి బయటికి వచ్చే అభ్యాసాన్నీ నేర్పింది. శ్వాసతో భావాన్ని నడిపే కూడియాట్టం నటులకు ఇది కొత్తగా అనిపించదు.

పురుషులు స్త్రీపాత్రలు వేయడాన్ని పరిశోధకులు ఇప్పుడు ఎలా చూస్తున్నారు?

జపాన్ నాటక రూపం కబుకిని 1603 ప్రాంతంలో క్యోటోలో మొదలుపెట్టింది ఓకుని అనే స్త్రీ. 1629లో ప్రభుత్వం స్త్రీలను వేదిక ఎక్కనివ్వలేదు. ఆ తర్వాత స్త్రీవేషం పురుషుల కళ అయింది. అయామె అనే ప్రసిద్ధ నటుడు (1673–1729) స్త్రీపాత్రధారి ఇంట్లో కూడా స్త్రీలాగే ఉండాలన్నాడు. షూటింగ్ అయిపోయినా పాత్ర వదలని నేటి హాలీవుడ్ నటుల గురించి చదివినప్పుడల్లా నాకు అయామె గుర్తొస్తాడు. జపాన్‌లోనే 1914 నుంచి తకరజుకా అనే బృందంలో అన్ని పాత్రలూ స్త్రీలే వేస్తున్నారు.

కూచిపూడిలో భామాకలాపం ఇదే చర్చకు కేంద్రం. తెర మీదుగా జడ వేసి సత్యభామ ప్రవేశించే ఆ క్షణంలో వేదాంతం సత్యనారాయణ శర్మను చూసిన పాతతరం వాళ్లు ఇప్పటికీ మురిసిపోతారు. హర్షితా కామత్ 2019లో ప్రచురించిన పరిశోధన, ఆ స్త్రీవేషం ఊళ్లోని బ్రాహ్మణ పురుషుడి గౌరవంతోనూ అధికారంతోనూ ఎలా ముడిపడి ఉందో, స్త్రీలే నర్తకులై వేదికలన్నీ నింపాక ఆ అధికారం ఎలా సడలిందో చూపించింది. కళను తక్కువ చేయకుండానే కులాన్నీ లింగాన్నీ అడగొచ్చని ఈ పని రుజువు.

వీడియోలో చూస్తే నాటకం చూసినట్టేనా?

అమెరికన్ పరిశోధకురాలు పెగ్గీ ఫెలాన్ 1993లో ప్రదర్శన మాయమవడంలోనే ఉందనీ, రికార్డు చేస్తే అది వేరే వస్తువవుతుందనీ వాదించింది. మరో పరిశోధకుడు ఫిలిప్ ఆస్లాండర్ 1999లో ఎదురు చెప్పాడు: రికార్డింగ్ వచ్చాకే ‘లైవ్’ అనేది ఒక విలువ అయిందని. 2020లో హాళ్లు మూతపడ్డాక అందరం రెండో వాదానికి దగ్గరయ్యాం. పరిశోధకుడికి వీడియో తప్పనిసరి. అయితే కెమెరా ఎవరి ముఖం మీద ఆగిందో, ఎవరిని వదిలేసిందో రాసుకోండి.

సొంత గాయాలు తవ్వుకుంటేనే మంచి నటుడు అవుతారని మా టీచర్ అంటున్నారు. నిజమా?

కాదు. ఇది సూటిగా చెప్పాల్సిన విషయం. ఈ అభ్యాసాన్ని బాగా ప్రచారం చేసిన బడిలో కూడా పాత జ్ఞాపకాన్నే వాడమనేవారు, పచ్చి గాయాన్ని కాదు. పైన చెప్పినట్టు స్టానిస్లావ్‌స్కీ స్వయంగా దీన్నుంచి చేతల వైపు వెళ్లాడు. నటీమణులతో ఈ పద్ధతి పేరుతో ఎలా ప్రవర్తించారో పరిశోధకురాలు రోజ్‌మెరీ మలాగ్ స్త్రీవాద దృష్టితో వివరంగా రాసింది. సన్నిహిత సన్నివేశాలకు ఫైట్ మాస్టర్ లాగే ఒక నిపుణుడు ఉండాలన్న ఆలోచనను టోన్యా సీనా 2000ల మధ్యలో తన పరిశోధనలో పెట్టింది. 2018 నాటికి అమెరికన్ టీవీ నిర్మాణాల్లో అది ఉద్యోగమైంది. ఎక్కడ తాకవచ్చు, ఎక్కడ వద్దు, ఎప్పుడు ఆపాలి అన్నది ముందే మాట్లాడుకుని, డాన్స్ లాగా అడుగులు కట్టి చేస్తారు. నల్లజాతి నటుల అనుభవాన్నీ సంప్రదాయాలనూ ఆధారంగా చేసుకున్న శిక్షణ గురించి షారెల్ లకెట్, టియా షాఫర్ 2017లో తెచ్చిన సంకలనం కూడా ఇదే దారిలో ముందడుగు. ‘తటస్థ దేహం’ అనేది ఎవరి దేహమని అది అడుగుతుంది. మీ టీచర్ మిమ్మల్ని ఏడిపించి, దాన్నే నటన అంటే, క్లాసు మారండి.

నేను నటుణ్ణి, పండితుణ్ణి కాదు. ఇవన్నీ చదివితే నా నటన బాగుపడుతుందా?

చదివినంత మాత్రాన బాగుపడదు. చదివినది ఒంటి మీద పరీక్షిస్తే బాగుపడుతుంది. యూనివర్సిటీల్లో కూడా ఇప్పుడు సాధననే పరిశోధనగా ఒప్పుకుంటున్నారు. ప్రదర్శన తయారుచేసి, ఆ క్రమాన్ని నిజాయతీగా రాసి డాక్టరేటు తీసుకుంటున్నవాళ్లున్నారు.

మొదలుపెట్టడానికి ఒక పని చెబుతాను. మీకు బాగా వచ్చిన ఒక పేజీ సంభాషణ తీసుకోండి. ఒకరోజు డైలాగులు పక్కనపెట్టి, ఎదుటి పాత్ర నుంచి ఏం కావాలో మాత్రమే తేల్చుకుని సొంత మాటల్లో ఆడండి. ఇంకోరోజు అదే పేజీకి సంచారిభావాలు వరసగా రాసుకుని, ఒక్కొక్కటి ముఖం మీదికి, శ్వాసలోకి వచ్చేదాకా నెమ్మదిగా చేయండి. మూడోరోజు జెయామి చెప్పినట్టు మనసును తగ్గించకుండా కదలికను మాత్రం ఏడు పాళ్లకు తగ్గించండి. ఒక స్నేహితుణ్ణి కూర్చోబెట్టి, మూడుసార్లూ అతనికి ఏం కనిపించిందో రాయమనండి, మీకు లోపల ఏమైందో మీరు వేరే కాగితం మీద రాయండి. రెండు కాగితాలూ కలవని చోట్ల గుర్తు పెట్టుకోండి. మీ గురువును అడగాల్సిన ప్రశ్నలు అక్కడున్నాయి.